అహాబు గారికి జరుగుతున్న అన్యాయం

లీడర్‌షిప్ సెమినార్లలో బైబిల్లోని ఇశ్రాయేలు రాజు అహాబు గారికి తీరని అన్యాయం జరుగుతోంది. నిర్వాహకులు వెంటనే దృష్టి పెట్టాలని మనవి.

పాస్టర్ల కోసం, యువత కోసం, రాజకీయాల్లోకి "దేవుని మనుషుల"ను పంపడం కోసం ఊరూరా సెమినార్లు పెడుతున్నారు. భోజన వసతి కలదు, చివర్లో సర్టిఫికెట్ కలదు. పాఠాలు మాత్రం ఎప్పుడూ అవే. మోషేకి మామ యిత్రో పని పంచిపెట్టమన్నాడు, అది డెలిగేషన్. యోసేపు పంటలు పండిన ఏడేళ్లూ ధాన్యం దాచాడు, అది ప్లానింగ్. నెహెమ్యా 52 రోజుల్లో యెరూషలేము గోడ కట్టేశాడు, అది ప్రాజెక్ట్ మేనేజ్‌మెంట్. ఆ నెహెమ్యాయే అయిదో అధ్యాయంలో పెద్దమనుషుల్ని నిలదీసి, పేదల దగ్గర లాక్కున్న పొలాలు, ద్రాక్షతోటలు, ఇళ్లు తిరిగి ఇచ్చేయమన్నాడు. పన్నెండేళ్లు అధికారిగా ఉండి తనకు రావలసిన భత్యం ముట్టుకోలేదు. ఆ స్లైడ్ మాత్రం ఎందుకో ఎప్పుడూ ఓపెన్ కాదు.

అహాబుకి ఒక్క సెషనూ లేదు. ఆయనలో లోపమేమిటో నాకు అర్థం కాదు. క్రీ.పూ. 853లో కర్కర్ యుద్ధానికి ఈయన 2,000 రథాలు, 10,000 మంది సైనికులతో వచ్చాడని సాక్షాత్తూ శత్రువే, అష్షూరు రాజు మూడవ షల్మనేసెరు, రాతి మీద చెక్కించుకున్నాడు. ఆ రాయి ఇప్పటికీ బ్రిటిష్ మ్యూజియంలో ఉంది. పట్టణాలు కట్టించాడు. దంతపు ఇల్లు కట్టించాడు. ఇంత అభివృద్ధినీ బైబిలు ఒక్క వచనంలో తేల్చేసి, ఒక కూరతోట గొడవకు మాత్రం అధ్యాయమంతా రాసింది.

అన్నిటికన్నా ముఖ్యంగా, ఇవాళ్టి ఎన్నికల ప్రార్థన సభలకు మూలపురుషుడు ఆయనే. సిరియనుల చేతిలో ఉన్న రామోత్గిలాదు పట్టణం మీద యుద్ధానికి వెళ్లాలా వద్దా అన్న ప్రశ్న వచ్చింది. అహాబు రాజధాని షోమ్రోను ఊరి గుమ్మం దగ్గర కళ్లంలో రెండు సింహాసనాలు వేశారు. ఒకదాని మీద అహాబు, రెండోదాని మీద యూదా రాజు యెహోషాపాతు. ఎదురుగా సుమారు 400 మంది ప్రవక్తలు. కళ్లమంటే గింజనీ పొట్టునీ వేరుచేసే చోటు. ఆ రోజు ఆ కార్యక్రమం పెట్టుకోలేదు. "వెళ్లు, గెలుస్తావు" అని అందరిదీ ఒకే మాట.

అది చాలదన్నట్టు సిద్కియా అనే ఆయన ఇనుప కొమ్ములతో వచ్చాడు. కాస్త ఆలోచించండి. ఇనుప కొమ్ములు అప్పటికప్పుడు దొరకవు. ముందే కమ్మరి దగ్గరికి వెళ్లాలి, కొలతలు ఇవ్వాలి, అవి కాలి, చల్లారేదాకా ఆగాలి. అంటే దర్శనం కంటే ముందే ఆర్డరు వెళ్లిందన్నమాట! వీటితో సిరియనులను పొడిచి పొడిచి నాశనం చేస్తావని సిద్కియా ప్రకటించాడు, మిగతావాళ్లు వంత పాడారు.

ఇప్పుడు కొమ్ములు లేవు, శాలువాలు వచ్చాయి. అభ్యర్థి స్టేజీ మీద మోకాళ్లూనడమే ఆలస్యం, తల మీద చెయ్యి పెట్టడానికి దైవజనుల మధ్య తోపులాట. చెయ్యి అందనివాళ్లు ముందున్న ఆయన భుజం మీద వేస్తారు, అభిషేకం కరెంటులా పాకుతుందేమో. కళ్లు మూసుకునే ఉంటాయి కానీ ముఖం మాత్రం కెమెరా వైపే. "ప్రభువు ఈయన్ని ముందే ఏర్పరచుకున్నాడు!" మర్నాడు అవతలి పార్టీ స్టేజీ. అక్కడి ఆయన్ని కూడా ప్రభువు ముందే ఏర్పరచుకున్నాడు.

యెహోషాపాతుకే అనుమానం వచ్చి, ఇంకో ప్రవక్త ఎవరూ లేరా అని అడిగాడు. ఉన్నాడొకడు, మీకాయా, నా గురించి ఎప్పుడూ మంచి చెప్పడు, నాకు వాడంటే పడదు అన్నాడు అహాబు. పిలవడానికి వెళ్లిన మనిషి దారిలోనే హితబోధ చేశాడు: అందరూ ఒకటే చెబుతున్నారు, నువ్వూ అదే చెప్పు. మీకాయా వచ్చి "వెళ్లు, గెలుస్తావు" అన్నాడు. ఎంత వినయంగా అన్నాడో కానీ, వెటకారమని అహాబుకే అర్థమైపోయింది. నిజం చెప్పమని రాజే ఒట్టు పెట్టించుకున్నాడు. ఇశ్రాయేలు కాపరి లేని గొర్రెల్లా కొండల మీద చెదిరిపోవడం చూశానని చెప్పాక సిద్కియా వచ్చి చెంప మీద కొట్టాడు.

కూరతోట సంగతి అంతకుముందుది. యెజ్రెయేలులో రాజు ఇంటి పక్కన నాబోతు ద్రాక్షతోట. దాన్ని కూరతోట చేసుకుంటాను, ఇవ్వమన్నాడు అహాబు. పిత్రార్జితం, ఇవ్వను అన్నాడు నాబోతు. దంతపు ఇల్లు కట్టించిన రాజు నాలుగు కూరమళ్ల కోసం అలిగి, ముఖం తిప్పుకుని పడుకుని అన్నం మానేశాడు. రాణి యెజెబెలు రాజముద్ర వేసి ఊరి పెద్దలకు ఉత్తరాలు రాసింది. అందులో మొదటి ఆజ్ఞ, ఉపవాసం చాటించమని. అవును, ఉపవాసమే. నాబోతును అందరి ముందూ పెద్దమనిషిలా కూర్చోబెట్టారు. ఇద్దరు తుంటరులతో దేవుణ్ణీ రాజునూ దూషించాడని చెప్పించారు. ఊరి బయటికి ఈడ్చుకెళ్లి రాళ్లతో కొట్టి చంపారు. కొడుకుల్నీ వదల్లేదని రెండో రాజుల గ్రంథం చెబుతోంది.

ఇక్కడ నాకు నవ్వు రాదు. ఒక రైతును చంపడానికి ఉపవాస కూటం పెట్టారు! ఊరి పెద్దల్లో ఒక్కడంటే ఒక్కడు ఇదేమి ఘోరమని లేవలేదు. 400 మందిలో ఒక్కడు నోరు విప్పినట్టు గ్రంథంలో లేదు. ప్రవక్త ఏలీయా ఒక్కడే వెళ్లి "చంపి, ఆస్తి కూడా తీసుకున్నావా?" అని రాజు ముఖం మీద అడిగాడు. పొలం పోయిన మనిషి గుమ్మంలో నిలబడితే "ప్రార్థన చేస్తాం బ్రదర్, అధికారులకు లోబడాలి కదా" అని బైబిల్లో రోమా పత్రిక 13వ అధ్యాయం చదివి పంపేసే అయ్యలారా, యెజ్రెయేలు పెద్దలు మీకేమవుతారు? వాళ్ల ఎంగిలి ఉత్తరాలు ఎన్నాళ్లు మోస్తారు? ప్రార్థన చేస్తే దేశాన్ని స్వస్థపరుస్తానన్న వచనం ప్రతి ఫ్లెక్సీ మీదా వేస్తారు. చెడు మార్గాలు విడిచిపెడితేనే అన్న షరతు కూడా అందులోనే ఉంది. దానికి మాత్రం ఫ్లెక్సీలో చోటు చాలదు, నాయకుడి ఫొటో పెద్దది కదా. క్రీ.పూ. 722లో షోమ్రోను అష్షూరు చేతుల్లో పడిపోయింది ఉపవాసాలు తక్కువై కాదు.

యుద్ధం సంగతా? అహాబు మారువేషం వేసుకుని, యెహోషాపాతును మాత్రం రాజవస్త్రాల్లో నిలబెట్టాడు. నాలుగు వందల మంది గ్యారంటీ ఇచ్చాక కూడా మారువేషం! ఎవడో గురి లేకుండా వదిలిన బాణం కవచం అతుకుల మధ్య దిగింది. సాయంత్రానికి ప్రాణం పోయింది.

మీకాయాను తాను క్షేమంగా తిరిగొచ్చేదాకా జైల్లో ఉంచి, అరకొర తిండీ నీళ్లూ పెట్టమని రాజు ఉత్తర్వు. రాజు తిరిగి రాలేదు. మరి విడుదల కాగితం మీద సంతకం పెట్టిందెవరో గ్రంథంలో లేదు. సిద్కియా ఉద్యోగం పోయినట్టూ లేదు. ఆ రోజున లోపలి గదిలో దాక్కుంటావని మీకాయా అతనికి చెప్పాడు. దాక్కునే ఉంటాడు, ఓ వారం. తర్వాత అహాబు కొడుకు అహజ్యా గద్దెనెక్కాడు. కొమ్ములు ఇనుపవి, ఊరికే పాడవవు.