శనాదివారాల మేధావులు

పద్నాలుగేళ్లు ఉద్యోగం చేసినవాడికి ఉద్యోగం ఎలా చేయాలో నేర్పే చదువు ఒకటుంది. దాన్ని ఎగ్జిక్యూటివ్ ఎంబీఏ అంటారు. తాతకు దగ్గులు నేర్పడం అని మన పెద్దలు ఎగతాళి చేశారు గానీ, పాపం వాళ్లకు బిజినెస్ తెలియదు. తాత దగ్గర 30 లక్షలుంటే దగ్గే కాదు, తుమ్ము కూడా రెండు టర్ముల్లో నేర్పొచ్చు. మధ్యలో వారం రోజులు దుబాయ్ తీసుకెళ్లి అక్కడివాళ్లు ఎలా తుమ్ముతారో కూడా చూపించొచ్చు.

ఈ పద్ధతికి చరిత్ర లేకపోలేదు. ప్రపంచ యుద్ధం నడుస్తున్న 1943లో షికాగో విశ్వవిద్యాలయం మొట్టమొదటి ఎగ్జిక్యూటివ్ ఎంబీఏ మొదలుపెట్టింది. ఎనభై ఏళ్లు తిరిగేసరికి అది హైదరాబాద్‌లో నానక్‌రాంగూడ ట్రాఫిక్ దాటుకుని మా దాకా వచ్చింది. మా ఇన్‌స్టిట్యూట్ పేరు మాత్రం అడక్కండి, ఇంకా రెండు టర్ములున్నాయి, నాకు మార్కులు కావాలి.

మార్కులంటే గుర్తొచ్చింది, నా బాధంతా సీపీ గురించి. క్లాస్ పార్టిసిపేషన్. అంటే క్లాసులో నోరు తెరిచినందుకు ఇచ్చే మార్కులు. బడిలో నోరు తెరిస్తే బెంచీ ఎక్కించారు, ఇంజినీరింగులో నోరు తెరిస్తే ఇంటర్నల్స్ కోశారు. ఇప్పుడు నలభయ్యో పడిలో, షుగరు టాబ్లెట్ జేబులో పెట్టుకున్న వయసులో, నోరు తెరిస్తే 20 శాతం మార్కులట. ఇంతమంది మేనేజర్లను ఒక గదిలో కూర్చోబెట్టి, మాట్లాడితే మార్కులిస్తామని చెప్పడం ఎంత ప్రమాదకరమైన ప్రయోగమో ఆలోచించండి. ఆఫీసు మీటింగులో వీళ్లని ఆపడానికి కనీసం క్యాలెండర్ ఉంటుంది, తర్వాతి మీటింగు వాళ్లు తలుపు దగ్గర నిలబడి తొంగిచూస్తుంటారు. ఇక్కడ ఆదివారం సాయంత్రం దాకా గది మాదే.

మొన్న శనివారం పొద్దున క్లాసులో కొడాక్ కేస్ స్టడీ. కొడాక్ తెలుసుగా, తెలియకపోతే మీరు ఏ బిజినెస్ స్కూల్‌కీ వెళ్లనట్టు, అదృష్టవంతులు. 1975లో ఆ కంపెనీ ఇంజినీరు స్టీవ్ సాసన్ డిజిటల్ కెమెరా తయారుచేశాడు. దాదాపు మూడున్నర కిలోల బరువు, ఒక్క ఫొటో క్యాసెట్ మీదకు ఎక్కడానికి 23 సెకన్లు. కంపెనీ దాన్ని పక్కన పెట్టి ఫిల్మ్ అమ్ముకుంటూ కూర్చుంది, 2012లో దివాలా పిటిషన్ వేసింది. ఇదీ కథ. ప్రొఫెసర్‌గారు బోర్డు మీద ఒక గీత గీసి, మార్కర్ మూత పెట్టి, "సో, కొడాక్ ఎక్కడ తప్పు చేసింది?" అన్నారు. ఒక్కసారిగా చేతులు లేచాయి. ఆ తర్వాత గంటన్నర ఆయనకు ఆ మార్కర్ మూత మళ్లీ తీసే అవసరమే రాలేదు.

మొదట బ్యాంకు వైస్ ప్రెసిడెంట్‌గారు. (ఆ బ్యాంకులో గుమ్మం దగ్గర సెక్యూరిటీ అతను తప్ప అందరూ వైస్ ప్రెసిడెంట్లే అనుకుంటా, మా క్లాసులోనే నలుగురున్నారు.) "మా బ్యాంకులో అయితే దీనికో రిస్క్ కమిటీ ఉంటుంది సర్" అని మొదలుపెట్టి, ఆ కమిటీకి తానే కన్వీనర్‌నన్న సంగతి మూడు రకాలుగా చెప్పారు. తర్వాత జీడిమెట్ల వైపు ఫార్మా ప్లాంటు నడిపే ఆయన. "మా ప్లాంటులో అయితే ఎఫ్‌డీఏ (అమెరికా మందుల నియంత్రణ సంస్థ) ఆడిట్‌కి ముందే ప్రతి కాగితమూ సిద్ధంగా ఉంటుంది" అన్నారు. కొడాక్‌కీ ఎఫ్‌డీఏకీ ఏం సంబంధమని ఎవరూ అడగలేదు, అడిగితే చెప్తాడని భయం. ఐటీ డెలివరీ హెడ్‌గారు లేచి, పనిని రెండు వారాల ముక్కలుగా కోసి స్ప్రింట్లు పెట్టుకుని ఉంటే ఆ కెమెరా 1976కల్లా మార్కెట్లో ఉండేదని తేల్చేశారు. ఆయన ప్రాజెక్టు ఏడాదికి పైగా టెస్టింగ్ దాటి బయటికి రాలేదు. ఈ సంగతి మాకెలా తెలుసంటే, ఆయన క్లయింటు కంపెనీలో పనిచేసే ఆవిడ కూడా మా బ్యాచే, వెనక వరసలో కూర్చుని గట్టిగా దగ్గారు.

రిటైరైన కల్నల్‌గారు ఒక్క వాక్యంలో చెప్పి కూర్చున్నారు. పాపం, ఆయనకు సీపీ ఎప్పుడూ తక్కువే వస్తుంది.

అప్పుడు గుంటూరు నుంచి వచ్చే కోల్డ్ స్టోరేజీ కుర్రాడు చెయ్యెత్తాడు. తాత, నాన్న, ఇతను, మూడు తరాల మిర్చి వ్యాపారం. ధర లేని ఏడాది సరుకు ఆపాలా అమ్మాలా అని రాత్రిళ్లు నిద్ర లేకుండా ఆలోచించిన అనుభవం ఉన్నది ఆ గదిలో బహుశా ఇతనొక్కడికే. "ఫిల్మ్ మీద అంత లాభం వస్తుంటే ఎవడు సార్ ఆపుకుంటాడు? తెలియక కాదు, తెలిసే ఊరుకుని ఉంటారు. కెమెరా అమ్మితే ఆ ఏడాది బోనస్ పోయేది ఎవరిదో చూడండి" అన్నాడు. ఆ పూట అక్కడ వినిపించిన పనికొచ్చే మాట ఇదొక్కటే. ప్రొఫెసర్‌గారు తల పక్కకి వంచి, "ఇంటరెస్టింగ్, దీన్ని ఏ ఫ్రేమ్‌వర్క్‌లో పెడతావు?" అన్నారు. కుర్రాడు అటూ ఇటూ చూశాడు. ఫ్రేమ్‌వర్క్ లేదు. మాట గాల్లో కలిసిపోయింది, వెంటనే మా స్టార్టప్ ఫౌండర్‌గారు అందుకుని అదే మాటను 'ఇన్సెంటివ్ మిసలైన్‌మెంట్' అని చెప్పారు. గదంతా తలలూపింది. ప్రొఫెసర్‌గారు మార్కర్ మూత తీశారు.

ఆ మాట బోర్డెక్కాక ఇక వరద. "ఆయన చెప్పినదానికి యాడ్ చేస్తూ" అని ఒకరు, "దాని మీదే బిల్డ్ చేస్తూ" అని ఇంకొకరు, అలా యాడ్ చేసి, బిల్డ్ చేసి, ఒకే ఇటుక మీద ఏడంతస్తులు కట్టారు. కొడాక్ వాళ్లు మార్పును గుర్తించలేదని అందరికంటే ఘంటాపథంగా చెప్పినాయన, తన టీమ్‌లో కుర్రాళ్లు ఏఐ టూల్ ఒకటి వాడతామంటే ఆరు నెలలుగా అప్రూవల్ ఇవ్వలేదు. సెక్యూరిటీ రివ్యూలో ఉందట.

ఇంతా జరుగుతుంటే మూలన ఒక అమ్మాయి కూర్చుని ఉంటుంది. మా టీచింగ్ అసిస్టెంట్. ఇరవై నాలుగేళ్లుంటాయేమో. ఒళ్లో సీటింగ్ చార్టు, చేతిలో పెన్సిలు. క్లాసవగానే అసలు దృశ్యం మొదలవుతుంది. తొంభై మంది టీమ్‌ని నడిపే మనిషి, అప్రైజల్ రోజున ఎంతమందినో ఏడిపించిన మనిషి, టీ కప్పు పట్టుకుని ఆ అమ్మాయి దగ్గరకు మెల్లగా వెళ్లి, "మ్యాడమ్, నా పాయింట్ నోట్ చేశారా? రెండో వరస, కిటికీ పక్క సీటు" అంటాడు. ఆ అమ్మాయి చార్టు చూసి, "చేశాను సర్, కానీ రిపీట్ పాయింట్ కదా, సగమే" అంటుంది. నిజం చెప్పొద్దూ, నేను కట్టిన ఫీజులో గిట్టుబాటైంది ఆ ఒక్క సంభాషణే.

క్లాసంతా మేమే మాట్లాడితే ఇక నేర్పేదేమిటంటే, ఇన్‌స్టిట్యూట్ వాళ్ల దగ్గర దానికో జవాబుంది. పీర్ లెర్నింగ్ అంటారు. "మా ప్రోగ్రామ్‌లో అసలు చదువు మీ తోటివాళ్ల దగ్గరే" అని బ్రోషర్ మొదటి పేజీలోనే రాసుకుంటారు, సిగ్గుపడాల్సిన మాటను అంత పెద్ద అక్షరాల్లో అచ్చేసుకునేవాళ్లను ఇంకెక్కడా చూడలేదు. అనుభవం మనది, చెప్పేది మనం, వినేది మనం. మన బియ్యం మనమే తెచ్చుకుని, మనమే వండుకుని, మనమే వడ్డించుకుని, పోతూ పోతూ విస్తరికి 30 లక్షలు కట్టడం లాంటిది. ఏసీ బాగుంటుంది, కాదనను.

ఆ విస్తరి కోసం ఎంట్రన్సు ఒకటి. జీమ్యాట్ అని, 205 నుంచి 805 దాకా ఎంతైనా రావొచ్చు, ఎంతొచ్చినా చివరంకె మాత్రం అయిదే. పిల్లాడికి ఎక్కాలు అప్పజెప్పించే వయసులో శాతాలూ నిష్పత్తులూ మనం అప్పజెప్పాలి. ఆపైన రికమెండేషన్ లెటర్లు. మన గురించి మన బాస్ రాయాలి, బాస్‌కి టైముండదు, "నువ్వే డ్రాఫ్ట్ చేసి పంపు" అంటాడు. వినయం నా సహజ గుణమని నేనే రాసి పంపాను. కంపెనీ సహకారం కూడా పూర్తిగా ఉంది. శని, ఆదివారాలు సెలవిచ్చారు. ఫీజు సంగతి అడిగితే హెచ్ఆర్ వాళ్లు పాలసీ చూస్తామన్నారు, ఇంకా చూస్తూనే ఉన్నారు. సరే, ఎడ్యుకేషన్ లోన్ తీసుకుంటే ఆదాయపు పన్ను సెక్షన్ 80ఈ కింద వడ్డీకి ఎనిమిదేళ్లు మినహాయింపు ఉందిగా అనుకున్నారు మా బ్యాచ్ వాళ్లు కొందరు. కొత్త పన్ను విధానంలో ఉన్నవాళ్లకు అదీ లేదని ఫైనాన్స్ క్లాసులో కాదు, రిటర్న్ ఫైల్ చేసే రోజున తెలిసింది. పీర్ లెర్నింగే.

హైదరాబాద్‌లో ఉద్యోగస్తుల చదువు కొత్తేం కాదు. ఉస్మానియాలో ఈవెనింగ్ ఎంబీఏ ఉంది, దేశంలోనే మొదటి ఓపెన్ యూనివర్సిటీ 1982లో పుట్టింది ఇక్కడే. ఆఫీసు నుంచి సిటీ బస్సులో వేలాడుకుంటూ వెళ్లి, క్లాసులో కునికిపాట్లు పడుతూనే చదివి పాసైన ఎల్ఐసీ వాళ్లూ బీహెచ్ఈఎల్ వాళ్లూ మన ఇళ్లలోనే ఉన్నారు. వాళ్లెవరూ "ఈ ప్రయాణం నన్ను మార్చేసింది" అని సూటు వేసుకుని ఫొటో పెట్టలేదు. ప్రమోషన్ వచ్చింది, స్వీట్లు పంచారు, అయిపోయింది.

ఇప్పటిదాకా సరదాగానే చెప్పాను. ఇప్పుడు చెప్పబోయేది సరదాగా చెప్పడం నాకు రాదు.

ఇంటర్వ్యూలో నన్ను "వచ్చే అయిదేళ్లలో మీ విజన్ ఏమిటి" అని అడిగారు. మా బ్యాచ్‌లో మగవాళ్లందరినీ ఇంచుమించు అదే అడిగారు. ఆడవాళ్లను అడిగిన ప్రశ్న వేరు. "పిల్లలు చిన్నవాళ్లు కదమ్మా, శనాదివారాలు ఇక్కడుంటే ఇంట్లో ఎలా మేనేజ్ చేస్తారు?" ఇద్దరు పిల్లల తండ్రిని నేను, చిన్నది అప్పటికి యూకేజీ. నన్నెవరూ అడగలేదు. అడగక్కర్లేదని వాళ్లకు తెలుసు. ఇంట్లో ఒక మనిషి జీతం లేకుండా ఆ పని చేస్తూ ఉంటుందని, ఆ మనిషి ఉంది కాబట్టే నేను సీటుకు అర్హుణ్ణని ఆ ప్యానెల్‌కు ముందే లెక్క తేలిపోయింది. లీడర్‌షిప్ క్లాసులో ఒక మహానుభావుడు లేచి "ఇంట్లో అంతా మా ఆవిడే చూసుకుంటుంది, మా ఇంటికి ఆవిడే సీఈఓ" అన్నాడు, గదంతా నవ్వి చప్పట్లు కొట్టింది, దానికి ఫుల్ సీపీ పడింది. ఏం సీఈఓ? ఏ సీఈఓ తన రెండేళ్ల ఆదివారాలు ఇంకొకడి డిగ్రీకి ఇచ్చేసి, పరీక్షల వారంలో వాడికి కాఫీ కూడా గదిలోకే పట్టుకెళ్తుంది? ఆవిడ వదులుకున్న ప్రమోషన్ ఏ బ్యాలెన్స్ షీట్‌లో ఎక్కింది?

మా గ్రూప్ ప్రాజెక్ట్ కాల్ రాత్రి పదిన్నరకు. ఆ టైము ఎవరు పెట్టారో చెప్పక్కర్లేదు, భోజనం చేసి కంచం సింకులో పడేసి వచ్చేవాడికి పదిన్నర చాలా సుఖమైన టైము. మా గ్రూపులో ఉన్న ఒక్క ఆవిడ పాపను భుజాన వేసుకుని కాల్‌లోకి వస్తుంది. పాప ఏడిస్తే "ఎవరిదో బ్యాక్‌గ్రౌండ్ నాయిస్ వస్తోంది, మ్యూట్ చేసుకోండి" అంటాడు ఒకడు, ఎవరిదో తెలిసే. ఆ ప్రాజెక్టుకు ఎక్సెల్ మోడల్ మొత్తం ఆవిడే కట్టింది, తెల్లవారుజామున, పాప నిద్ర లేచేలోపు. మిగతావాళ్లం ఫాంట్ సైజు గురించి చర్చించాం. చివర్లో ఒకరికొకరు మార్కులేసుకునే పీర్ ఎవాల్యుయేషన్ ఉంటుంది. కమిట్‌మెంట్ అనే గడిలో ఆవిడకు సగటున వచ్చింది అయిదుకు మూడు. ఆ మూడు వేసిన చేతులకు సిగ్గు లేదా? మోడల్ ఎవరు కట్టారో ఫైల్ హిస్టరీలో కనిపిస్తూనే ఉందిగా, తెరిచి చూడటానికి ఏమైంది? నేను ఆ సంగతి ప్రొఫెసర్‌గారికి మెయిల్ రాశాను. పీర్ ఎవాల్యుయేషన్ రహస్యమని, మార్చడం కుదరదని, నా ఫీడ్‌బ్యాక్‌కు ధన్యవాదాలని జవాబొచ్చింది.

నిన్న కాన్వొకేషన్ సర్క్యులర్ కూడా వచ్చింది. ఇంకా పరీక్షలే కాలేదు, గౌను కొలతలు మాత్రం అడుగుతున్నారు. ఒక్కొక్కరికి రెండు పాసులట. బెంగళూరు నుంచి ప్రతి టర్మ్ పరీక్షలకూ వచ్చి పిల్లల్ని చూసుకున్న మా అత్తగారికి మూడోది కావాలని అడిగాను. సీటు ఇస్తామన్నారు. భోజనానికి మాత్రం విడిగా కట్టాలట, జీఎస్టీతో.