సర్పంచ్ తహసీల్దార్ కింద పనిచేయరు

"మన పాలనా వ్యవస్థ: ప్రతి ఒక్కరూ తెలుసుకోవాలి, కనీసం పది గ్రూపులకు పంపండి" అనే మెసేజ్ మళ్లీ తిరుగుతోంది. అందులో ఒక నిచ్చెన బొమ్మ. అట్టడుగున వార్డు మెంబరు, ఆపైన వరసగా సర్పంచ్, వీఆర్వో, ఎంపీటీసీ, తహసీల్దార్, ఎంపీపీ, జడ్పీటీసీ, ఆర్డీఓ, జడ్పీ చైర్మన్, కలెక్టర్, ఎమ్మెల్యే, మంత్రి. "కింది మెట్టు దగ్గర పని కాకపోతే పై మెట్టుకు వెళ్లండి" అని సలహా. బొమ్మ కింద మరో అరడజను 'నిజాలు'. చదువుకున్నవాళ్లే పంపుతున్నారు. పోటీ పరీక్షల పిల్లలు నోట్సులో కూడా రాసుకుంటున్నారు. ఇది ఊరికే తప్పుగా ఉంటే వదిలేయొచ్చు. జనాన్ని తప్పు ఆఫీసుకు పంపి గడువులు దాటిస్తోంది కాబట్టి వదిలేయడానికి లేదు.

ముందు ఆ నిచ్చెన. అవి రెండు నిచ్చెనలు, ఎవరో ఒకటిగా కట్టేశారు. రెవెన్యూ వరస వేరు: ఊళ్లో రెవెన్యూ ఉద్యోగి, తహసీల్దార్, ఆర్డీఓ లేదా సబ్ కలెక్టర్, జాయింట్ కలెక్టర్ (తెలంగాణలో అదనపు కలెక్టర్), కలెక్టర్, సీసీఎల్ఏ (రాష్ట్ర భూపరిపాలన ప్రధాన కమిషనర్). వీళ్లంతా ఉద్యోగులు. కింది అధికారి ఇచ్చిన ఉత్తర్వును పై అధికారి కొట్టేయగలరు. పంచాయతీరాజ్ వరస వేరు: గ్రామ పంచాయతీ, మండల పరిషత్, జిల్లా పరిషత్. ఇక్కడ పై అంచె కింది అంచెకు యజమాని కాదు. ఎంపీపీ సర్పంచ్‌ను ఆదేశించలేరు. మండల సర్వసభ్య సమావేశానికి సర్పంచులు శాశ్వత ఆహ్వానితులుగా వస్తారు. మాట్లాడతారు, ఓటు ఉండదు. అంతవరకే ఆ సంబంధం. ఇక వీఆర్వో మెట్టు సంగతి: తెలంగాణలో ఆ వ్యవస్థను 2020 సెప్టెంబరులో చట్టం చేసి మరీ రద్దు చేశారు, 2025లో గ్రామ పాలనాధికారులు వచ్చారు. అయినా అక్కడి గ్రూపుల్లోనూ ఇదే బొమ్మ.

దీని నష్టం ఎక్కడ తగులుతుందంటే, మ్యుటేషన్ దగ్గర. తహసీల్దార్ పేరు మార్పిడి దరఖాస్తును తిరస్కరించారనుకోండి. బొమ్మ ప్రకారం తర్వాతి మెట్టు ఎంపీపీ. ఎంపీపీకి భూమి రికార్డుతో ఏ సంబంధమూ లేదు. ఆంధ్రప్రదేశ్‌లో 1971 నాటి ఆర్‌ఓఆర్ (భూ హక్కుల రికార్డు) చట్టం 5(5) సెక్షన్ కింద ఆ ఉత్తర్వు అందిన 60 రోజుల్లోగా ఆర్డీఓకు అప్పీలు చేసుకోవాలి. తెలంగాణలో 2025 ఏప్రిల్ 14న అమల్లోకి వచ్చిన భూభారతి చట్టంలోనూ తహసీల్దార్ ఉత్తర్వుపై అప్పీలు ఆర్డీఓ దగ్గరికే. ఎంపీపీ ఇంటికీ ఎమ్మెల్యే ఆఫీసుకీ తిరిగి, సోమవారం కలెక్టరేట్‌లో అర్జీ ఇచ్చి, ఆ రసీదు జేబులో పెట్టుకుని ఎదురుచూసేసరికి గడువు కాస్తా అయిపోతుంది. ఆ సోమవారం అర్జీల (ప్రజావాణి) రసీదు అప్పీలు కాదు. తిరస్కరణ ఉత్తర్వు నకలు ముందు చేతికి తీసుకోండి, అది అందిన తేదీ దాని మీదే రాయించుకోండి, ఆ తేదీ నుంచి రోజులు లెక్కపెట్టండి. గడువు దాటితే ఆలస్యాన్ని మన్నించమని విడిగా పిటిషన్ వేసి కారణం చూపాలి. "ఎవరి దగ్గరికి వెళ్లాలో వాట్సాప్‌లో తప్పు చెప్పారు" అనేది అక్కడ నిలబడే కారణం కాదు.

తిరగేసి కూడా ఇదే తప్పు జరుగుతోంది. మురుగు కాలువ, వీధి దీపం, ఇంటి పన్ను, ఇంటి ప్లాను గురించి తహసీల్దార్‌కు అర్జీ పెడితే ఆయన దాన్ని ఎంపీడీఓకు పంపుతారు, అక్కడి నుంచి పంచాయతీ కార్యదర్శికి వస్తుంది. మొదటి రోజే కార్యదర్శికి రాసిచ్చి, కదలకపోతే ఎంపీడీఓకు, ఆపైన జిల్లా పంచాయతీ అధికారికి వెళితే సరిపోయేది.

ఒక్కటి మాత్రం ఒప్పుకోవాలి. కలెక్టర్‌ను సర్పంచ్‌కు పైన పెట్టడం పూర్తిగా తప్పు కాదు. ఆంధ్రప్రదేశ్ 1994 పంచాయతీరాజ్ చట్టం 249వ సెక్షన్ నిధుల దుర్వినియోగం వంటి కారణాల మీద సర్పంచ్‌ను తొలగించే అధికారం కలెక్టర్‌కు ఇచ్చింది. తెలంగాణ 2018 చట్టమైతే సస్పెండ్ చేసే అధికారాన్ని కలెక్టర్ చేతిలోనే పెట్టింది. నేరుగా ఓట్లతో గెలిచిన మనిషిని ఉద్యోగి సస్పెండ్ చేయడమేమిటని ఎవరైనా అడిగితే ఆ ప్రశ్న న్యాయమైనదే. కాబట్టి రెండు నిచ్చెనలూ కలెక్టర్ దగ్గర కలుస్తాయి. తహసీల్దార్ దగ్గర మాత్రం కలవవు.

ఇక బొమ్మ కింది 'నిజాలు'. "మండలం, తాలూకా, బ్లాక్ మూడూ ఒకటే." కాదు. 1985లో తాలూకాలు, ఫిర్కాలు తీసేసి రెవెన్యూ మండలాలు పెట్టారు. సమితుల (బ్లాకుల) స్థానంలో మండల పరిషత్తులు వచ్చింది 1986 చట్టంతో. అంటే మండలంలోనే రెండున్నాయి, రెవెన్యూది ఒకటి, పరిషత్‌ది ఒకటి. ఊళ్లలో రెండిటి హద్దూ ఒకటే కాబట్టి తేడా కనిపించదు, పట్టణం రాగానే బయటపడుతుంది. మున్సిపాలిటీ ప్రాంతం తహసీల్దార్ పరిధిలో ఉంటుంది, మండల పరిషత్ పరిధిలో ఉండదు. హైదరాబాద్ జిల్లాలో 16 మండలాలున్నాయి, ఒక్క మండల పరిషత్ లేదు, జడ్పీ లేదు. "మున్సిపాలిటీలో కలిస్తే మండలం పోతుంది" అన్న మెసేజ్‌లోని మరో వాక్యానికీ ఇదే జవాబు. పోయేది ఎంపీటీసీ స్థానం, గ్రామీణ ఉపాధి పనులు. కుల, ఆదాయ పత్రాలకు అదే తహసీల్దార్ ఆఫీసు.

"సచివాలయాలు వచ్చాక పంచాయతీలు రద్దయ్యాయి." ఇది ఆంధ్రప్రదేశ్ గురించి. 2019 అక్టోబరు 2న మొదలైన గ్రామ సచివాలయాలు 11,162, వార్డు సచివాలయాలు 3,842. పంచాయతీలు 13 వేల పైచిలుకు. లెక్కే కలవదు, చిన్న పంచాయతీలు రెండు మూడు కలిపి ఒక సచివాలయం ఉన్నచోట్లు బోలెడు. సచివాలయం రాష్ట్ర ప్రభుత్వ ఉద్యోగులు కూర్చునే సేవా కేంద్రం. పంచాయతీ ఎన్నికైన స్థానిక ప్రభుత్వం. పన్ను వేసేది, తీర్మానం చేసేది అదే. 2021లో పంచాయతీ కార్యదర్శుల అధికారాల్లో కొన్నిటిని సచివాలయంలోని వీఆర్వోలకు బదలాయిస్తూ జీవో 2 ఇస్తే హైకోర్టు నిలిపివేసింది. ఈ సందర్భమేదీ మెసేజ్‌లో లేదు.

"కొత్త జిల్లా అంటే కొత్త జడ్పీ, కొత్త కోర్టు, కొత్త ఎంపీ." మూడూ వేర్వేరు చట్టాలు, వేర్వేరు గడియారాలు. తెలంగాణలో కొత్త జిల్లాలు 2016 అక్టోబరు 11న వచ్చాయి. వాటికి జడ్పీలు 2019 ఎన్నికలతో, జిల్లా కోర్టులు 2022 జూన్‌లో. ఆంధ్రప్రదేశ్‌లో 2022 ఏప్రిల్ 4న 13 జిల్లాలు 26 అయ్యాయి, జడ్పీలు మాత్రం 2021లో ఎన్నికైన ఆ 13తోనే సాగాయి. నియోజకవర్గాలు డీలిమిటేషన్ అనే పునర్విభజన‌తో తప్ప మారవు. పిన్ కోడ్ తపాలా శాఖది, జిల్లాతో దానికి పని లేదు.

ఇక అన్నిటికంటే హాని చేసే పాయింటు: "జిల్లా మారినవారి పాత కుల ధ్రువీకరణ పత్రాలు, పాసుపుస్తకాలు, రిజిస్ట్రేషన్ దస్తావేజులు, ఆధార్ చెల్లవు. 90 రోజుల్లో మార్చుకోవాలి." ఏ జీవో? ఏ తేదీ? ఏ శాఖ? ఒక్క నంబరు లేదు. ఈ ఒక్క వాక్యం పట్టుకుని దళారులు ముసలివాళ్ల దగ్గర కాగితానికి ఇంత అని వసూలు చేస్తారు. దీన్ని పంపేవాళ్లు ఆ సంగతి ఒక్కసారైనా ఆలోచించారా?

జారీ చేసిన రోజున అధికారం ఉన్న అధికారి ఇచ్చిన పత్రం జిల్లా పేరు మారిందని చచ్చిపోదు. కుల పత్రం చెల్లుతుంది. ఆదాయం, ఈడబ్ల్యూఎస్ (ఆర్థికంగా బలహీన వర్గాల) పత్రాలకు కాలపరిమితి ఉంది, కానీ దానికి కారణం జిల్లా కాదు. ఆధార్‌లో ఊరు అదే, పిన్ అదే. కొత్త జిల్లా పేరు కావాలనుకుంటే మార్చుకోవచ్చు, తప్పనిసరి కాదు. భూమికి గుర్తు గ్రామం, సర్వే నంబరు, విస్తీర్ణం, నాలుగు హద్దులు. వాటిలో ఏదీ మారలేదు. పాత దస్తావేజును ఎవరూ 'మార్చలేరు' కూడా. కొత్తగా అమ్మేటప్పుడు దస్తావేజులో ఆస్తి వివరాలుండే షెడ్యూలులో "పూర్వపు తూర్పు గోదావరి జిల్లా, ప్రస్తుత డాక్టర్ బి.ఆర్. అంబేడ్కర్ కోనసీమ జిల్లా" అని రెండు పేర్లూ రాయించాలి. ఒక్క కొత్త పేరే రాస్తే లింకు దస్తావేజుతో (అంతకుముందు కొన్నప్పటి పాత దస్తావేజు) పోల్చేటప్పుడు బ్యాంకు లాయరు కొర్రీ పెడతాడు.

నిజంగా జాగ్రత్తపడాల్సిన చోట్లు మూడున్నాయి, మెసేజ్‌లో ఒక్కటీ లేదు. ఒకటి, ఈసీ (ఆస్తి మీద జరిగిన రిజిస్టర్డ్ లావాదేవీల పత్రం). దస్తావేజు నంబరు సబ్ రిజిస్ట్రార్ ఆఫీసుదే తప్ప జిల్లాది కాదు. మీ ఊరు వేరే సబ్ రిజిస్ట్రార్ పరిధిలోకి మారితే పాత ఆఫీసు పేరు మీద ఒకటి, కొత్త ఆఫీసు పేరు మీద ఒకటి, రెండు ఈసీలు తీయండి. ఒక్క కొత్తదానిలోనే వెతికి "లావాదేవీలు లేవు" అని వచ్చిందని మురిసిపోయి అడ్వాన్సు ఇవ్వొద్దు, పాత తనఖా పాత ఆఫీసులో ఉండొచ్చు. రెండు, మండలం కూడా మారిన ఊళ్లు. పాత పహాణీ (భూమి, సాగు వివరాల రికార్డు) నకలు కొత్త తహసీల్దార్ ఆఫీసులో లేదంటే అది అసలే లేనట్టు కాదు, పాత మండలం రికార్డు రూములో అడగాలి. మూడు, ఉద్యోగాలకు స్థానికత. తెలంగాణలో 2018 రాష్ట్రపతి ఉత్తర్వుల ప్రకారం ఒకటి నుంచి ఏడో తరగతి లోపు కనీసం నాలుగేళ్లు ఎక్కడ చదివారో అక్కడ స్థానికులు. బడి ఇచ్చే బోనఫైడ్‌లో కరీంనగర్ జిల్లా అని ఉన్నా, బడి మంథనిలో ఉంటే దరఖాస్తులో పెట్టాల్సింది పెద్దపల్లి. జిల్లా మారడం వల్ల మనిషి బతుకు మీద నిజంగా పడే ప్రభావం ఇదే.

ఇంకొకటి మిగిలింది: "మీ తండా పంచాయతీ అయితే భూములు కూడా ఆ పేరుకు మారిపోతాయి." 2018లో తెలంగాణ పంచాయతీలు సుమారు 8,700 నుంచి 12,751 అయ్యాయి, అందులో తండాలు, గూడేలు చాలా ఉన్నాయి. అది వాళ్లు ఏళ్ల తరబడి అడిగి సాధించుకున్నది. కానీ మారింది పంచాయతీ. సర్వే నంబర్లు, గ్రామ నక్షా రెవెన్యూ గ్రామానివి. తండా పంచాయతీ అయినా పాసుపుస్తకంలో పాత రెవెన్యూ గ్రామమే ఉంటుంది, అది తప్పు కాదు, దాన్ని 'సరిచేయమని' దరఖాస్తు పెట్టక్కర్లేదు. కేంద్రం లోకల్ గవర్నమెంట్ డైరెక్టరీలో గ్రామానికి ఒక కోడ్, పంచాయతీకి ఇంకో కోడ్, మండల పరిషత్‌కు ఇంకోటి, రెవెన్యూ మండలానికి మరొకటి. పీఎం కిసాన్ లబ్ధిదారుల జాబితాలో రాష్ట్రం, జిల్లా తర్వాత సబ్ డిస్ట్రిక్ట్, బ్లాక్, విలేజ్ అని మూడు గళ్లున్నది ఇందుకే. సబ్ డిస్ట్రిక్ట్ గడిలో రెవెన్యూ మండలం, బ్లాక్ గడిలో మండల పరిషత్ పేరు ఎంచుకోండి. విలేజ్ గడిలో తండా పేరు కనిపించకపోతే మీ పాసుపుస్తకం మీదున్న రెవెన్యూ గ్రామం పేరు నొక్కండి.