కోచ్ వెళ్తే కెరీర్, కుర్రాడు వెళ్తే ద్రోహమా?

మార్చి నెలాఖరు వచ్చిందంటే చాలు, అమెరికా కాలేజీ బాస్కెట్‌బాల్‌లో ఒక పక్క మ్యాచ్‌లు, ఇంకో పక్క కోచ్‌ల మార్పిడి. ఎవరు ఎక్కడికి పోతున్నారు, ఎంతకి పోతున్నారు, అంతా ఇదే గోల. మంచి పేరున్న కోచ్ చిన్న కాలేజీ వదిలి పెద్ద కాలేజీకి వెళ్తే నాలుగు రోజులు బాధపడి, పోనీలే పాపం కష్టపడ్డాడు, పైకొచ్చాడు అని సర్దుకుంటారు. అదే వారం తిరక్కుండా ఆయన టీమ్‌లోని పిల్లలు కూడా బ్యాగులు సర్దుకుంటే మాత్రం, ఈ కాలం కుర్రాళ్లకి విశ్వాసం లేదండీ, అంతా డబ్బే అంటారు. ఈ రెండో మాట దగ్గరే మాకు పేచీ.

కోచ్ షహీన్ హాలోవే సంగతే చూడండి. జెర్సీ సిటీలో ఉన్న మనవాళ్లకి సెయింట్ పీటర్స్ యూనివర్సిటీ గురించి కొత్తగా చెప్పక్కర్లేదు. జర్నల్ స్క్వేర్‌లో పాత్ ట్రైన్ దిగి న్యూవార్క్ అవెన్యూ వైపు నడిస్తే అంతా మన కిరాణా కొట్లు, మన హోటళ్లే, అక్కడికి దగ్గర్లోనే కెన్నెడీ బులెవార్డ్ మీద ఉంటుంది ఈ కాలేజీ. 1872లో జెసూట్ ఫాదర్లు పెట్టింది, మాస్టర్స్ చేయడానికి మన పిల్లలూ వస్తుంటారు. టీమ్ పేరు పీకాక్స్, అంటే నెమళ్లు. 2022 దాకా ఈ నెమళ్లు ఎన్‌సీఏఏ టోర్నమెంట్‌లో, అంటే మార్చిలో జరిగే జాతీయ కాలేజీ పోటీలో, ఒక్క మ్యాచ్ గెలిచిన పాపాన పోలేదు. హాలోవే 2018లో వచ్చాడు, మొదటి సీజన్‌లో 10 గెలుపులు, 22 ఓటములు. పెద్ద కాలేజీలు పట్టించుకోని పిల్లల్ని వెతికి తెచ్చి, డిఫెన్స్ అంటే ఏంటో నేర్పి, నాలుగేళ్లలో ఓ టీమ్ తయారుచేశాడు.

2022 మార్చి 17న ఆ టీమ్ కెంటకీని ఓవర్‌టైమ్‌లో 85-79తో ఓడించింది. కెంటకీ అంటే మామూలు టీమ్ కాదు, అక్కడి కోచ్ జాన్ కాలిపరి జీతమే ఏడాదికి 80 లక్షల డాలర్ల పైన, ఇటు హాలోవేకి వచ్చేది 3 లక్షల డాలర్లు కూడా లేదు. తర్వాత మర్రీ స్టేట్, ఆ తర్వాత ఫిలడెల్ఫియాలో పర్డ్యూ మీద 67-64. ఒక్కో గ్రూపులో బలాన్ని బట్టి 16 టీమ్‌లకి ఇచ్చే సీడింగ్‌లో 15వ నంబర్ టీమ్ ఆఖరి ఎనిమిదిలోకి రావడం ఆ టోర్నమెంట్‌లో అదే మొదటిసారి. మీసకట్టు కుర్రాడు డగ్ ఎడర్ట్ అయితే రాత్రికి రాత్రే ఫేమస్ అయిపోయాడు. ఆదివారం మార్చి 27న నార్త్ కరోలినా చేతిలో 69-49తో ఓడిపోయారు, అక్కడితో కథ అయిపోయింది. బుధవారానికల్లా హాలోవే సీటన్ హాల్ కోచ్ అని ప్రకటన వచ్చేసింది.

సీటన్ హాల్ ఆయన చదువుకున్న కాలేజీ, 1996 నుంచి 2000 దాకా పాయింట్ గార్డ్‌గా ఆడిన చోటు, పైగా సెయింట్ పీటర్స్ నుంచి ఓ పదిహేను మైళ్ల దూరం, అంతే. హెడ్ కోచ్ అవ్వకముందు అక్కడే అసిస్టెంట్‌గా కూడా చేశాడు. అలాంటి ఉద్యోగం పిలిచి ఇస్తే ఎవరు వద్దంటారు? మేమైతే ఆయన్ని ఒక్క మాట కూడా అనం.

కానీ ఆ తర్వాత ఏం జరిగిందో చూడండి. ఎడర్ట్ బ్రయంట్‌కి వెళ్లాడు. డారిల్ బ్యాంక్స్ సెయింట్ బోనవెంచర్‌కి. డ్రామే కవలలు ఇద్దరూ లా సాల్‌కి. కేసీ ఎన్‌డెఫో కోచ్ వెనకాలే సీటన్ హాల్‌కి. దేశమంతా లేచి నిలబడి చప్పట్లు కొట్టిన టీమ్ కొన్ని వారాల్లో చెల్లాచెదురైపోయింది, అప్పుడు చప్పట్లు కొట్టిన చేతులే ఇప్పుడు వేలు చూపించడం మొదలుపెట్టాయి, అదీ కుర్రాళ్ల వైపు.

అసలు ఆ కోచ్ కుర్చీల వరస చూస్తే నవ్వొస్తుంది. 2021 డిసెంబర్‌లో సీజన్ నడుస్తుండగానే మేరీల్యాండ్ కోచ్ మార్క్ టర్జన్ తప్పుకున్నాడు. ఆ కుర్చీలోకి సీటన్ హాల్ నుంచి కెవిన్ విలర్డ్ వెళ్లాడు. విలర్డ్ కుర్చీలోకి హాలోవే, హాలోవే కుర్చీలోకి స్టాటెన్ ఐలండ్‌లోని వాగ్నర్ కాలేజీ నుంచి బషీర్ మేసన్, మేసన్ కుర్చీలోకి సీటన్ హాల్‌లో అసిస్టెంట్‌గా ఉన్న డొనాల్డ్ కోప్‌లాండ్. అదే విలర్డ్ 2025లో మేరీల్యాండ్‌ని కూడా వదిలేసి విలనోవాకి చేరాడు. సెయింట్ పీటర్స్ చేతిలో ఓడిన మర్రీ స్టేట్ కోచ్ మ్యాట్ మెక్‌మహన్ ఆ మ్యాచ్ అయిన రెండ్రోజులకే ఎల్ఎస్‌యూకి వెళ్లిపోయాడు. కాలిపరి 2024లో కెంటకీ వదిలి అర్కన్సాకి. పర్డ్యూలో మ్యాట్ పెయింటర్ మాత్రం కదల్లేదు, తను చదివిన కాలేజీలోనే ముందునుంచీ ఉన్నాడు, ఆయనకి ఎక్కడికీ పోవాల్సిన అవసరం లేకపోయింది.

ఇంతమంది ఇటునుంచి అటు మారారు కదా, వీళ్లలో ఒక్కరినైనా కొత్త కాలేజీలో ఏడాదిపాటు ఖాళీగా కూర్చోమన్నారా? అబ్బే. ఆటగాళ్లని మాత్రం 2021 దాకా అలాగే కూర్చోబెట్టారు. డివిజన్ వన్, అంటే కాలేజీ ఆటల్లో పై స్థాయి బాస్కెట్‌బాల్‌లో కుర్రాడు కాలేజీ మారితే, ఏదో మినహాయింపు దొరికితే తప్ప, ఒక సీజన్ మొత్తం బెంచీకే పరిమితం. నాలుగేళ్ల ఆటలో ఒక ఏడాది అంటే ఎంత? 2021 ఏప్రిల్‌లో ఒక్కసారికి ఆ రూలు సడలించారు, 2024లో ఇక ఎన్నిసార్లైనా మారొచ్చు అన్నారు, అదీ కోర్టులు మెడలు వంచాక.

ఇంకో సంగతి, ఇది చాలామంది దృష్టికి రాదు. 2024 దాకా స్కూలు పిల్లలతో ఒక లెటర్ ఆఫ్ ఇంటెంట్ మీద సంతకం పెట్టించుకునేవాళ్లు. నువ్వు కాలేజీకి సంతకం పెడుతున్నావు, కోచ్‌కి కాదు, కోచ్ మారినా ఈ కాగితం చెల్లుతుంది అని అందులో స్పష్టంగా ఉండేది. బాగానే ఉంది, కానీ ఆ కుర్రాడి ఇంటికి ఎవరొచ్చారు? సోఫాలో కూర్చుని, వాళ్లమ్మ పెట్టింది తిని, మీ అబ్బాయిని నా కొడుకులా చూసుకుంటానమ్మా అన్నది ఎవరు? కాలేజీ బిల్డింగా? కోచే కదా! మాట ఇచ్చేది మనిషి, కాగితం మీద కట్టేసేది సంస్థకి. మన దగ్గర ఇంటర్ కార్పొరేట్ కాలేజీల్లో ఇది చూడ్డం లేదా, ఫలానా ఫిజిక్స్ సార్ ఉన్నాడని హోర్డింగ్ చూసి అప్పు చేసి ఫీజు కడతారు, జూన్ వచ్చేసరికి సార్ ఎదురు కాలేజీలో తేలతాడు, ఫీజు వెనక్కి అడిగితే మీరు సార్‌కి కట్టలేదు, కాలేజీకి కట్టారు అంటారు.

అలాగని పిల్లలు మారడం అంతా బ్రహ్మాండం అని కూడా మేము అనడం లేదు. కాలేజీ మారాలనుకునే ఆటగాళ్ల జాబితా, అదే ట్రాన్స్‌ఫర్ పోర్టల్‌లో పేరు ఇచ్చి ఏ కాలేజీ తీసుకోక, ఉన్న స్కాలర్‌షిప్ కూడా పోగొట్టుకున్న పిల్లలున్నారు. క్రెడిట్లు కొత్త కాలేజీలో చెల్లక డిగ్రీ వెనకబడుతుంది. ఇరవై ఏళ్ల పిల్లాడి చెవిలో రోజుకో ఏజెంటు ఊదుతుంటాడు. చిన్న కాలేజీ బాధ కూడా మాకు తెలుసు, నాలుగేళ్లు పెంచిన టీమ్ పెద్దవాళ్ల చేతికి పోవడం ఎవరికైనా కడుపుమంటే. ఎన్‌సీఏఏ టోర్నమెంట్‌లో చోటు దొరకని టీమ్‌లు ఆడే టోర్నమెంట్ ఎన్ఐటీ, దాని 2024 ఫైనల్లో హాలోవే టీమ్ 79-77తో ఇండియానా స్టేట్‌ని ఓడించింది, ఆ వెంటనే అవతలి కోచ్ జాష్ షెర్ట్జ్ సెయింట్ లూయిస్‌కి వెళ్లిపోయాడు, కళ్లజోడు పెట్టుకుని ఆడే వాళ్ల స్టార్ రాబీ అవీలా కూడా ఆయనతోనే. ఇండియానా స్టేట్ ఉన్న టెర్రె హోట్ ఊరి జనానికి ఎలా ఉండుంటుందో ఊహించుకోవచ్చు. అయినా సరే, ఆ బాధకి ముద్దాయి కుర్రాడంటే మాత్రం మేము ఒప్పుకోం.

పైగా పెద్ద కాలేజీకి వెళ్లినంత మాత్రాన అంతా పూలబాటేం కాదు. ఎన్ఐటీ కప్పు గెలిచిన మరుసటి సీజన్‌లోనే సీటన్ హాల్ 7 గెలిచి 25 ఓడింది. అక్కడ అంత ఘోరంగా పోయింది, ఇటేమో హాలోవే వెళ్లిన రెండేళ్లకే మేసన్ సెయింట్ పీటర్స్‌ని మళ్లీ ఎన్‌సీఏఏ టోర్నమెంట్‌కి తీసుకొచ్చాడు. టెన్నెసీ చేతిలో 83-49తో చిత్తుగా ఓడారనుకోండి, అది వేరే విషయం.

చిన్న కాలేజీలు చేయగలిగింది ఏదైనా ఉందంటే అది కాంట్రాక్టులోనే ఉంది. కోచ్ మధ్యలో వెళ్లిపోతే కట్టాల్సిన డబ్బు, అదే బయౌట్ అంటారు, చాలా కాంట్రాక్టుల్లో ఉంటుంది, చాలాసార్లు తీసుకెళ్లే కాలేజీయే కట్టేస్తుంది. ఆ డబ్బులో కొంత వాటా ఆ టీమ్‌లో మిగిలిపోయిన పిల్లల స్కాలర్‌షిప్‌లకే అని ముందే రాసుకోవాలి. కొత్త కోచ్ తన పిల్లల్ని తెచ్చుకోవడానికి పాతవాళ్లని మెల్లగా బయటికి సాగనంపడం ఈ ఆటలో ఎప్పటినుంచో ఉన్నదే, అందుకే కోచ్ మారిన ఏడాది ఎవరి స్కాలర్‌షిప్పూ తీసేయకూడదని కూడా రాయాలి. ఇంకోటి, వెళ్తున్న సంగతి టీవీలో స్క్రోలింగ్ పడకముందే డ్రెస్సింగ్ రూమ్‌లో తనే నిలబడి చెప్పాలి. ఇవన్నీ ఒక్క కాలేజీ పెడితే మంచి కోచ్‌లు రారని భయపడుతుంది, కాబట్టి సెయింట్ పీటర్స్ ఆడే మాక్ లాంటి చిన్న కాన్ఫరెన్సులు, అంటే కలిసి లీగ్ ఆడే కాలేజీల గుంపులు, తమ అన్ని కాలేజీలకీ కలిపి ఒకే రూలుగా పెట్టాలి, అదీ వచ్చే మార్చి లోపల.