రెండు కొండల నడుమ సూర్యుడికి ఒక లేఖ

మహారాజశ్రీ రెండు కొండలవారికి, నడుమ వెలిగే సూర్యుడుగారికి,

ఉభయకుశలోపరి. తమరి క్షేమం నేను అడగక్కర్లేదు, ప్రతి శనివారం కళ్లారా చూస్తూనే ఉన్నాను.

హైదరాబాద్ శివారులో ఒక సర్కారు బడికి వాలంటీర్‌గా బొమ్మలు నేర్పడానికి వెళ్తుంటాను. జీతం లేదు, చొక్కాకి రంగులు మాత్రం ఫ్రీ. "మీ ఇష్టమొచ్చింది గీయండి" అన్నాను. ముప్పై కాగితాల మీదా తమరే. కింద నది, ఒడ్డున గుడిసె, కొబ్బరిచెట్టు, ఆకాశంలో టిక్కుమార్కుల్లాంటి పిట్టలు. పక్క అంగన్‌వాడీ బుడతలు నయం. తలకాయ నుంచే కాళ్లు మొలిపించి "అమ్మ" అంటారు. తమరింకా వాళ్లదాకా రాలేదు.

అసలు తమరు ఏ ఊరివారు? ఇక్కడి గుట్టల వయసు దాదాపు 250 కోట్ల ఏళ్లు. ఒక్కటీ తమరిలా కోసుగా ఉండదు. దొంతి పేర్చిన కుండల్లా బండ మీద బండ. సూర్యుడు పొద్దున్నే ఎదురింటి వాటర్ ట్యాంకు వెనక నుంచి లేస్తాడు. నది అంటారా, మూసీ ఉంది, కానీ ఆ రంగు పన్నెండు క్రేయాన్ల డబ్బాలో రాదు. చదువులో కళ కలవాలని 2020 జాతీయ విద్యా విధానం చెప్పింది. కలిసింది లెండి, లెక్కల నోటుబుక్కు చివరి పేజీలో తమరి రూపంలో.

తప్పంతా తమరిదే అనను. మొదటి రోజు ఏం చెప్పాలో తోచక, చెమటలు పట్టి, బోర్డు మీద తమరిని గీసింది నేనే.

పోయిన శనివారం రెండో తరగతి పిల్లాడొకడు ఒకటే కొండ గీశాడు. అదీ సగమే. పక్కన లారీ. మర్నాడు పేరెంట్స్ మీటింగు, గోడకి అంటించాలి, సగం బొమ్మ ఏం బాగుంటుందని నేనే పెన్సిల్ అందుకుని రెండో కొండ నిలబెట్టి, నడుమ సూర్యుణ్ని కూర్చోబెట్టాను. వాడు కాసేపు చూసి రబ్బరు తీశాడు.

"ఆ గుట్ట ఎప్పుడో అయిపోయింది సార్. మా నాయిన ఆడనే క్రషర్ల పన్జేస్తడు."

నేను గీసిన కొండ పోయింది. సూర్యుణ్ని మాత్రం ఉంచాడు. ఇప్పుడాయన లారీ మీద ఉన్నాడు, బూడిదరంగులో.

ఇట్లు,
రెండో తరగతి నుంచీ తమరి శిష్యుడు