మాటర్స్‌బుర్గ్: ఊరికి రెండింతల స్టేడియం

ఊరి జనాభా ఏడు వేల చిల్లర. స్టేడియంలో పట్టేది పదిహేను వేలకు పైగా. ఆస్ట్రియా తూర్పు అంచున, హంగరీ సరిహద్దుకు దగ్గర్లో ఉన్న మాటర్స్‌బుర్గ్ అనే చిన్న పట్టణం లెక్క ఇది. ఊళ్లో పసిపిల్లల నుంచి పండు ముసలివాళ్ల దాకా అందరూ వచ్చి కూర్చున్నా సగం కుర్చీలు ఖాళీగా ఉండాలి. అయినా వియన్నా నుంచి రాపిడ్ లాంటి పెద్ద ఫుట్‌బాల్ జట్టు వచ్చిన రోజున ఆ పాపెల్‌స్టేడియం కిటకిటలాడేది. అక్కడి భాషలో పాపెల్ అంటే పాప్లర్ చెట్టు.

ఈ ఊరి క్లబ్ ఎస్‌వీ మాటర్స్‌బుర్గ్ కథను పత్రికలు ఎక్కువగా బ్యాంకు కుంభకోణం కథగానే రాశాయి. అది నిజమే కానీ సగమే నిజం. బ్యాంకు మూతపడడానికి చాలా ఏళ్ల ముందే ఆ క్లబ్బులో ఇంకోటి మూతపడిందని నా అనుమానం. అదేంటో చెప్పాలంటే కాస్త వెనక్కి వెళ్లాలి.

క్లబ్ పుట్టింది 1922లో. బుర్గెన్‌లాండ్ ప్రాంతం హంగరీ చేతిలోంచి ఆస్ట్రియాకు వచ్చి అప్పటికి ఏడాదే. ఊరి పేరు కూడా అప్పుడు మాటర్స్‌డోర్ఫ్, అంటే చివర్న 'పల్లె'. 1924లో అది మాటర్స్‌బుర్గ్ అయింది. శతాబ్దాలుగా అక్కడ పేరున్న యూదు సమాజం ఉండేది. 1938లో హిట్లర్ ఆస్ట్రియాను కలిపేసుకున్నాక వాళ్లను వెళ్లగొట్టారు. ఇవాళ జెరూసలేంలో కిర్యత్ మాటర్స్‌డోర్ఫ్ అనే పేట ఉంది. ఊరు వదిలేసిన పాత పేరును ఊరు వదలాల్సి వచ్చినవాళ్లే దాచుకున్నారు.

ఆస్ట్రియాలో ఊరి ఫుట్‌బాల్ క్లబ్ అంటే కంపెనీ కాదు, రిజిస్టర్ చేసుకున్న సంఘం. సభ్యులుంటారు, చందా కడతారు, సర్వసభ్య సమావేశంలో అధ్యక్షుడినీ కోశాధికారినీ ఎన్నుకుంటారు. గడ్డి కోసేది, సున్నంతో గీతలు గీసేది, క్యాంటీన్లో బీరూ సాసేజ్‌లూ అమ్మేది చాలావరకు జీతం లేని ఊరివాళ్లే. కింది లీగుల్లో ముందు రిజర్వ్ జట్లు ఆడతాయి, తర్వాత అసలు జట్టు. ఆ అసలు జట్టును వాళ్లు 'కాంఫ్‌మాన్‌షాఫ్ట్' అంటారు, మాటకు మాట చెప్పుకుంటే 'పోరాట దళం'. వారమంతా వడ్రంగం, గుమాస్తాగిరీ చేసుకుని వారాంతంలో ఆడే కుర్రాళ్లకు అంత పేరెందుకో గానీ, వినడానికి బాగుంటుంది. అలాంటి క్లబ్ పద్దు ఓ నోటుబుక్కులో సరిపోతుంది. క్యాంటీన్లో ఎంత మిగిలింది, గోల్ వలకు ఎంతయింది? సమావేశంలో లేచి అడగడానికి ఎవరూ చార్టర్డ్ అకౌంటెంట్ కానక్కర్లేదు.

మాటర్స్‌బుర్గ్ దశాబ్దాల పాటు ఇంచుమించు అలాంటి క్లబ్బే. 1988లో మార్టిన్ పుహర్ అధ్యక్షుడయ్యాడు. ఆయన బ్యాంకరు. 1995లో పుట్టిన కమెర్సియల్‌బాంక్ మాటర్స్‌బుర్గ్‌ను నడిపిందీ ఆయనే. అక్కడి నుంచి క్లబ్ మెట్లెక్కుతూ పోయింది. 2003లో దేశంలో అత్యున్నతమైన బుండెస్‌లిగాకు చేరింది. 2006, 2007ల్లో వరుసగా ఆస్ట్రియన్ కప్ ఫైనల్ ఆడి రెండుసార్లూ వియన్నా క్లబ్ ఆస్ట్రియా వియెన్ చేతిలో ఓడింది. 2006–07 సీజన్లో లీగ్‌లో మూడో స్థానం. బయర్న్ మ్యూనిక్‌కు ఆడిన జర్మన్ స్ట్రైకర్ కార్‌స్టెన్ యాంకర్ లాంటివాడు ఈ ఊళ్లో జెర్సీ వేసుకున్నాడు. ఫ్రాంజ్ లెడెరర్ అనే ఒకే కోచ్ 2004 నుంచి 2013 దాకా కొనసాగాడు. కోచ్‌లను నెలల్లో మార్చేసే ఆటలో ఇది చిన్న విషయం కాదు. 2013లో కింది డివిజన్‌కు జారిపోయినా 2015లో మళ్లీ పైకొచ్చింది.

మరి ఈ డబ్బంతా ఎక్కడిది? ఆ ప్రశ్న ఎవరు అడగాలి? కోశాధికారి అడగాలంటే ఎదురుగా కూర్చున్నది బ్యాంకు పెద్ద. పోనీ ఊరివాళ్లు అడుగుతారా అంటే వాళ్ల డిపాజిట్లు అదే బ్యాంకులో. లీగ్ యాజమాన్యం అడగొచ్చు కదా అంటారా? 2005 నుంచి 2009 దాకా బుండెస్‌లిగా అధ్యక్షుడు కూడా పుహరే! పెట్టే చేతిని ప్రశ్నించడం ఎక్కడైనా కష్టమే. ఇక్కడ పెట్టే చేయి, లెక్క రాసే చేయి, చప్పట్లు కొట్టించుకునే చేయి మూడూ ఒకటే. క్లబ్బులో ముందే మూతపడిందన్నది దీన్నే, లేచి అడిగే నోరు.

2020 జూలై మధ్యలో నియంత్రణ సంస్థ బ్యాంకును మూయించింది. ఇచ్చామని పుస్తకాల్లో చూపిన రుణాల్లో పెద్ద భాగం ఉత్తుత్తివేనని, ఏళ్ల తరబడి లెక్కలు మార్చి రాశారని తేలింది. లోటు 50 కోట్ల యూరోలకు పైనే. లక్ష యూరోల దాకా డిపాజిట్లకు గ్యారంటీ ఉంది, ఆపైన దాచుకున్నవాళ్లు మునిగారు. విమానాల రాకపోకల నియంత్రణకు కమ్యూనికేషన్ వ్యవస్థలు చేసే ఫ్రెక్వెంటిస్ కంపెనీ ఒక్కటే దాదాపు 3.1 కోట్ల యూరోలు పోగొట్టుకుంది. ఆ బ్యాంకు నుంచి బంగారం బహుమతి పుచ్చుకున్న సంగతి బయటపడి ఒక రాష్ట్ర మంత్రి రాజీనామా చేశాడు. ఆగస్టు మొదటి వారంలో క్లబ్ బుండెస్‌లిగాలో తన స్థానం వదులుకుని దివాలా తీసింది. ఆ ఖాళీ పుణ్యాన, కింది డివిజన్‌కు పడిపోయిన డబ్ల్యూఎస్‌జీ టిరోల్ పైనే ఉండిపోయింది. ఒకరి గోతిలో ఇంకొకరికి గట్టు దొరికింది.

'చిన్న ఊరికి పెద్ద లీగ్ ఎందుకు, అత్యాశ కాకపోతే' అనే మాట ఆ తర్వాత చాలామంది నోట వినిపించే రకం. నేను దాంతో ఏకీభవించను. సాల్స్‌బుర్గ్ పక్కన గ్రోడిగ్ అనే ఊరుంది, జనాభా కూడా ఇంచుమించు ఇంతే. 2013లో తొలిసారి బుండెస్‌లిగాకు వచ్చి మొదటి సీజన్లోనే మూడో స్థానం కొట్టింది, ఐరోపా క్లబ్బుల పోటీ యూరోపా లీగ్ క్వాలిఫయింగ్ ఆడింది. 2016లో కిందికి పడ్డాక, ఇక ప్రొఫెషనల్ ఆట మన వల్ల కాదని తనంతట తానే అమెచ్యూర్ రీజియనల్ లీగ్‌కు దిగిపోయింది. పత్రికలకు పెద్ద వార్త కూడా కాలేదు. లింజ్ పక్కన పాషింగ్ సంగతి ఇంకా చిత్రం. 2013లో మూడో డివిజన్లో ఉంటూనే రాపిడ్‌నూ సాల్స్‌బుర్గ్‌నూ దాటి, ఫైనల్లో ఆస్ట్రియా వియెన్‌ను 1–0తో ఓడించి ఆస్ట్రియన్ కప్ గెలిచింది. మూడో డివిజన్ జట్టు ఆ కప్పు ఎత్తడం అదే మొదలు. కాబట్టి పైకెక్కడం తప్పు కాదు. ఎక్కిన నిచ్చెన ఎవరిదో, ఎప్పుడు లాగేస్తారో తెలియకుండా ఎక్కడం దగ్గరే తకరారు.

నిచ్చెన పోయినా మాటర్స్‌బుర్గ్‌లో ఆట పోలేదు. ఊరివాళ్లు కొత్త సంఘం పెట్టి బుర్గెన్‌లాండ్‌లో అట్టడుగు తరగతి లీగ్ నుంచి మళ్లీ మొదలుపెట్టారు. దాని పేరు ఎంఎస్‌వీ 2020. పుట్టిన సంవత్సరాన్ని పేరులో పెట్టుకోవడం అక్కడి క్లబ్బులకు కొత్తేమీ కాదు. ఈ ఊళ్లో మాత్రం ఆ అంకె చూడగానే చాలామందికి ముందు గుర్తొచ్చేది తమ బ్యాంకు పాస్‌బుక్కే అయి ఉంటుంది.