మీడియం అనగానేమి?

మీటరు ఎంతో మనిషి తేల్చుకున్నాడు. సెకను ఎంతో తేల్చుకున్నాడు. రైఫిల్ మీద స్కోపును, అంటే గురి చూసే దుర్భిణిని, పట్టి ఉంచే రింగుల ఎత్తు దగ్గరికొచ్చేసరికి మాత్రం 'మీడియం' అంటే ఎంతో ఇప్పటికీ తేలలేదు. ఒక కంపెనీ మీడియం ఇంకో కంపెనీకి లో, మూడో కంపెనీకి అదే హై. దీని మీద అంతర్జాతీయ కమిషన్ వేయాలని నా డిమాండ్. సభ్యులు లో వర్గం, హై వర్గంగా చీలిపోయి, కొట్టుకుని, చివరికి రాజీగా మీడియం అంటారు. ఎంత మీడియం అని మాత్రం వాళ్లను అడగకూడదు.

అంకెల్లో చెబితే సరిపోదా అంటారు అమాయకులు. చెబుతూనే ఉన్నారుగా! కొందరు రైలు (రైఫిల్ మీద రింగులు బిగించే పట్టీ) పైభాగం నుంచి స్కోపు ట్యూబు నడిమధ్య దాకా కొలుస్తారు. కొందరు ట్యూబు కూర్చునే అడుగు దాకా కొలిచి ఆగిపోతారు. ట్యూబు 30 మిల్లీమీటర్లదైతే ఈ రెండు లెక్కలకీ 15 తేడా. అంటే 27 అని రాసిన రింగూ, 12 అని రాసిన రింగూ ఒకటే కావచ్చు. ఇద్దరూ నిజమే చెప్పారు, మునిగింది మనం.

ఇక మతాల సంగతి. 'ఎంత కిందికుంటే అంత పుణ్యం' అనేది పాత మతం. ఈ భక్తులు స్కోపు ముందు గంటకీ (లెన్సుండే వెడల్పాటి కొసకీ) బ్యారెల్‌కీ, అంటే తుపాకి గొట్టానికీ, మధ్య కాగితం దూర్చి చూపించి, వెంట్రుకవాసి ఖాళీ ఉందని మురిసిపోతారు. తర్వాత లెన్సు మూత పట్టదు. తూటా ఎక్కించే బోల్ట్ ఎత్తితే దాని పిడి వెళ్లి స్కోపు వెనక భాగానికి తగులుతుంది. ఆ వెంట్రుకవాసి కూడా లేక గంట బ్యారెల్‌ని తాకిందంటే గుండు ఎక్కడ పడుతుందో గుండుకే తెలియాలి. పైగా 50 మిల్లీమీటర్ల స్కోపు అంటే గంట 50 అనుకుంటారు. 50 ఉండేది లెన్సు. గంట బయటి కొలత 58 దాకా ఉండొచ్చు.

ఆ 58లో సగం 29. మూతకు 2, ఖాళీకి 2 కలిపితే 33. గంట కింద బ్యారెల్ కంటే రైలు 6 ఎత్తుగా ఉంటే అది తీసేయండి, 27. రైలు నుంచి ట్యూబు నడిమధ్య దాకా కావలసిన ఎత్తు అంతే. మూడో తరగతి లెక్క. అందుకేనేమో పెద్దవాళ్లెవరూ చెయ్యరు.

హై మతం వాళ్లకు ఈ టెన్షన్ లేదు. వాళ్ల స్కోపు దేన్నీ తాకదు, చివరికి కంటిని కూడా. భుజానికి ఆనించే స్టాక్ మీద చెంప ఆనాల్సిన చోట గడ్డం ఆనించి, మెడ కొంగలా సాచి గురిపెడతారు. ఆ తర్వాత చెంప కింద పెట్టుకోవడానికి మెత్త కొంటారు. ఏఆర్-15 లాంటి రైఫిళ్లలో స్టాక్ బ్యారెల్‌కు తిన్నగా ఉంటుంది కాబట్టి రైలు నుంచి 38 మిల్లీమీటర్ల దాకా ఎత్తు కావాల్సిందే. అక్కడ పాత మతం పప్పులుడకవు.

ఎత్తు పెరిగితే గురి పాడవుతుందని నిద్ర మానేసేవాళ్లూ ఉన్నారు. 100 మీటర్లకు జీరో చేసి (గురిపెట్టిన చోటే గుండు పడేలా సరిచేసి) ఉంటే, స్కోపు 10 మిల్లీమీటర్లు పైకి జరిగినందుకు 200 మీటర్ల దగ్గర వచ్చే తేడా ఒక్క సెంటీమీటరు. అదే దూరంలో వాళ్ల చెయ్యి వణికితే బెత్తెడు తేడా వస్తుంది. దాని గురించి చర్చ లేదు.

ఇంత రభసలో ఎవరూ అడగనిది చెంపనే. కళ్లు మూసుకుని, స్టాక్ మీద చెంప హాయిగా ఆనించి, కళ్లు తెరవండి. అంచున నల్లటి నీడ లేకుండా వృత్తం నిండుగా కనిపిస్తే ఎత్తు కుదిరినట్టే. ఇది ఉచితం. అందువల్ల దీని మీద ఎవరికీ నమ్మకం లేదు.

నాకూ లేదు. నా సొరుగులో నాలుగు జతల రింగులున్నాయి, నాలుగూ నాలుగు ఎత్తులు, నాలుగింటి మీదా మీడియం అనే ఉంది. స్కేలు కూడా అందులోనే ఉంది, వాటి అడుగున.