డ్రాగన్ గోళ్ల లెక్క

కొరియన్ చారిత్రక సీరియళ్లు చూసే ఆడవాళ్ల మీద ఈమధ్య ఇళ్లలో ఒక నింద బాగా ముదిరింది. మేం హీరో మొహం కోసమే చూస్తున్నామట! చరిత్ర మీద ఇంత శ్రద్ధ ఉన్న వర్గాన్ని పట్టుకుని ఇలా తేలిగ్గా మాట్లాడటం భావ్యం కాదు. అందుకే కొరియాలోని ఎంబీసీ చానల్లో 2021 నవంబరులో మొదలై 2022 జనవరి 1న ముగిసిన ‘ద రెడ్ స్లీవ్’నే తీసుకుని, అందులో కొరియా రాజు జొంగ్‌జోగా వేసిన నటుడు లీ జున్‌హోను మేం ఏ దృష్టితో చూశామో ఇక్కడ వివరిస్తున్నాను. దృష్టి పూర్తిగా శాస్త్రీయం.

ముందు ఛాతీ సంగతి. కొరియాని ఏలిన జోసన్ రాజవంశం వాళ్ల దుస్తుల మీద డ్రాగన్ బొమ్మ ఉంటుంది. రాజుగారి డ్రాగన్‌కి కాలికి ఐదు గోళ్లు, యువరాజు డ్రాగన్‌కి నాలుగు, మనవడే వారసుడైతే మూడు. మన హీరో యీ సాన్ (జొంగ్‌జో అసలు పేరు ఇదే), గద్దె ఎక్కే దాకా మనవడి హోదాలోనే వారసుడు. మరి సీరియల్ వాళ్లు మూడే కుట్టారా, చేతికొచ్చినన్ని కుట్టేశారా అన్నది తేల్చాలా వద్దా? తేల్చాలంటే బొమ్మ ఆపాలి. ఆపి, పెద్దది చేసి, కళ్లు పెట్టి చూడాలి. అతను ఊపిరి తీసుకున్నప్పుడల్లా డ్రాగన్ కదులుతుంది, లెక్క తప్పుతుంది, మళ్లీ మొదటికి. మా పిన్ని ఈ పని మీద అర్ధరాత్రి దాకా కూర్చుంటే బాబాయ్ వచ్చి, ‘ఎంతసేపే ఆ గోళ్లు లెక్కపెట్టడం?’ అని కసిరాడు. ‘అతను కాస్త ఇటు తిరగాలి కదండీ’ అంది పిన్ని, తెర మీంచి కళ్లు తిప్పకుండా. ఇలాంటి వాతావరణంలో మనదేశంలో పరిశోధన ఎలా ఎదుగుతుంది?

ఇక మొహం. ‘అసలు జొంగ్‌జో ఇంత అందగాడా?’ అని అడిగేవాళ్లకి తెలియని విషయం ఒకటుంది. ఆయన ముందు కూర్చుని గీసిన చిత్రపటం ఒక్కటీ ఇవాళ మిగల్లేదు. కొరియా రాజుల చిత్రపటాల్లో చాలా భాగం 1954లో పుసాన్ నగరంలో జరిగిన అగ్నిప్రమాదంలో కాలిపోయాయి. ఇప్పుడు పుస్తకాల్లో కనిపించేది ఊహించి గీసిన బొమ్మ. కాబట్టి ఆయన జున్‌హోలా ఉండేవాడు కాదని నిరూపించాల్సిన బాధ్యత అవతలివాళ్లది. నిరూపించే దాకా మేం ఇదే మొహంతో సర్దుకుపోతాం.

కొంపలు ముంచేది ఆ దవడ. 1762లో యోంగ్‌జో రాజు కన్నకొడుకు సాడోని బియ్యప్పెట్టెలో పెట్టి మూయించాడు. ఎనిమిది రోజులకి అతను అందులోనే పోయాడు. అతని కొడుకే మన యీ సాన్, అప్పటికి పదేళ్లు కూడా నిండలేదు. తండ్రిని చంపిన తాతగారి ఎదుట ఏళ్ల తరబడి తల వంచుకుని కూర్చోవాలి, మొహంలో ఏదీ కనబడకూడదు. ఆ ఒత్తిడినంతా జున్‌హో దవడ దగ్గర చిన్నగా బిగించి చూపిస్తాడు. చరిత్ర చదవనివాళ్లకి అది అందంగా కనిపించొచ్చు. చదివిన మాకు ఇంకా అందంగా కనిపిస్తుంది.

ఇతగాడే, తనని ఎవరో చిన్న ఉద్యోగి అనుకుంటున్న దొక్‌ఇమ్ అనే దాసీ చేత క్షమాపణ పత్రాలు మళ్లీ మళ్లీ రాయిస్తాడు. ఆమె ఏడుపు మొహంతో తెచ్చి ఇస్తే సీరియస్‌గా చదువుతున్నట్టు నటిస్తాడు. ఆ నటన లోపల ఇంకో నటన ఉందే, దాని కోసమే 2022లో కొరియా సినిమా, టీవీ అవార్డులిచ్చే పేక్‌సాంగ్ వాళ్లు ఉత్తమ నటుడి అవార్డు ఇచ్చి ఉంటారని నా అభిప్రాయం. చివరి ఎపిసోడ్‌కి కొరియాలో 17.4 శాతం రేటింగ్ వచ్చింది. అక్కడ కూడా చరిత్ర విద్యార్థులు బాగానే ఉన్నారన్నమాట.

అసలు చరిత్రలో కూడా దొక్‌ఇమ్, తనని చేరదీస్తానన్న రాజుగారిని నిజంగానే రెండుసార్లు కాదంది. మీ భార్య యువరాణికింకా బిడ్డలు లేరు, నాకిది తగదని మొదటిసారి ఏడ్చింది. పదిహేనేళ్ల తర్వాత మళ్లీ అడిగితే మళ్లీ కాదంది. అప్పుడు రాజుగారు ఆమె పనివాళ్లని శిక్షించారు, ఆమె ఒప్పుకుంది. ఇదంతా ఆమె పోయాక 1786లో ఆయనే స్వయంగా సమాధి కోసం రాసిన రాతలో ఉంది. మా బృందం ఈ ముక్క దగ్గర కాసేపు ఇబ్బంది పడింది. కాదన్న ఆడదాన్ని దారికి తేవడానికి పనివాళ్లని శిక్షించిన మొగుడు పక్కవీధిలో ఉంటే పోలీసులకి ఫోన్ చేసేవాళ్లం. ఇక్కడ మాత్రం ‘పాపం, ఎంత ప్రేమో’ అని కళ్లు తుడుచుకున్నాం. దవడ మహిమ.

నిష్పాక్షికత కోసం మిగతా ఆధారాలు కూడా చూశాం. జొంగ్‌జో గురి తప్పని విలుకాడు. యాభై బాణాల్లో నలభైతొమ్మిది కొట్టి, వినయం కోసం చివరిది వదిలేసేవాడు. దీని మీద పరిశోధనకి మాలో గట్టి పోటీ ఉంది, విల్లు లాగే సీన్లు కాబట్టి. ఆయన ఒక మంత్రికి రహస్యంగా రాసిన వందల ఉత్తరాలు 2009లో బయటపడ్డాయి. తోటి మంత్రుల్ని వాటిలో నోటికొచ్చినట్టు తిట్టాడు. ఈ అంశానికి ఒకరిద్దరు పేర్లిచ్చారు. పొగాకంటే ఆయనకి ప్రాణం. దాని గుణగణాల మీద అధికారుల పరీక్షలో ప్రశ్న కూడా ఇచ్చాడు. వేళ్లకి పొగాకు మరకలు, తెల్లారి లేస్తే దగ్గు, ఇవన్నీ తీరిగ్గా పరిశీలించడానికి మనిషి కావాలి. ఎవరూ ముందుకి రాలేదు. పిన్నిని అడిగితే, గోళ్ల పని ఇంకా మిగిలే ఉందంది.